మూడో వెర్షన్‌కు ప్రమీలారాణి సంతకం

"ఇది గూడా పనికిరాదప్పా," అంది ప్రమీలారాణి, మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే.

గోపీకి ఆ గుంటలో తనే కూరుకుపోయినట్టనిపించింది. ఇది మూడో వెర్షన్. సోమవారం థీసిస్ ఇవ్వాలి. తను చేసిన యాప్ పనికొస్తుందని ఆమె సంతకం దొరక్కపోతే ఇంకో ఆరునెలలు గల్లంతే.

గోపీది బద్వేలు. కడపలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతను పట్టుకున్న పద్ధతి డిజైన్ సైన్స్. లైబ్రరీలో కూర్చుని రాస్తే కుదరదు. ఒక వస్తువు తయారుచేయాలి, వాడే మనిషి చేతిలో పెట్టాలి, తిట్లు తినాలి, దిద్ది మళ్లీ తేవాలి. అతను చేసిన వస్తువు ఒక ఫోన్ యాప్. చీర మీద బుటా నేసేటప్పుడు ఏ వరసలో ఏ పోగులు ఎత్తాలో చెవిలో చెబుతుంది. వాడే మనిషి మైదుకూరు దగ్గర నేతపని చేసే వీరభద్ర కూతురు ప్రమీలారాణి. తిట్లకు కొదవలేదు.

మొదటి వెర్షన్‌లో వరస మారినప్పుడల్లా స్క్రీన్ తాకాలి.

"రెండు చేతులూ మగ్గం మీదుండాయి. తాకేదానికి మూడో చెయ్యి నువ్విస్తావా?" అందామె.

ఇవ్వడానికి గోపీకి అభ్యంతరం లేదు. ఆ మాట పైకి అనలేదంతే.

రెండో వెర్షన్‌లో 'తర్వాత' అని పలికితే చాలు. ప్రమీలారాణి పలికింది, అరిచింది. మగ్గం చప్పుడులో ఫోన్‌కు వినబడలేదు. వీధి చివరిదాకా వినబడింది.

"గొంతు పోయింది గానీ బుటా రాలేదు. ఆ చప్పుడునే వినమను నీ ఫోన్‌ను. వరసకొక దెబ్బ. లెక్కపెట్టేది రాదా దానికి?"

గోపీ తిరుగు బస్సులోనే ల్యాప్‌టాప్ తెరిచాడు. మూడో వెర్షన్ మగ్గం దెబ్బల్ని లెక్కపెట్టడం నేర్చుకుంది. దాదాపు నెల క్రితం ఆమె ఫోన్‌లో వేసి వెళ్లాడు.

ఇప్పుడేమో పనికిరాదంటోంది.

"ఏం తప్పుండాది?"

"శానా ఉండాయి."

"ఒకటి చెప్పు ప్రమీలా."

"ఆలోచించి చెప్తా. నాలుగోది చేసుకోని వచ్చే నెల రా."

తప్పు ఎక్కడో వెతుకుదామని గోపీ ఆమె ఫోన్ తీసుకుని, యాప్ రోజువారీ దాచుకున్న వివరాలు తెరిచాడు. చూశాడు. మళ్లీ చూశాడు. వేలిముద్ర దొరికిన ఇన్‌స్పెక్టర్‌లా నెమ్మదిగా తలెత్తాడు.

"ఇరవై ఆరు దినాలు. ఒక్క దినం గూడా మానలేదు. తొమ్మిది చీరలు. ఒక్క వరసన్నా తప్పలేదు. ఇదా పనికిరానిది?"

మగ్గం ఆగింది. ప్రమీలారాణి చెవులు ఎర్రబడ్డాయి.

"పనికొస్తాదని సంతకం పెడితే, ఇంక నువ్వు ఈడికి యాడొస్తావు?"

గోపీ గుంట అంచున చతికిలబడ్డాడు.

"సంతకం కోసం నేనూ కాచుకోనుండా. యాప్‌ను పరీక్షించే మనిషికి, చేసినోని మీద ఇష్టముంటే ఆ ఫలితం చెల్లదు. అందుకే ఏడాదిగా నోరు మూసుకోని తిరుగుతాండా. సంతకమైతానే చెబుదామనుకున్నా."

"ఏమని?"

"నీకు తెలీదా?"

"తెలిస్తే మాత్రం! నోటితో చెప్పాల."

"నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందాం."

ఆమె నవ్వి, సంతకం పెట్టాల్సిన కాగితం అతని చేతిలోంచి లాక్కుంది. పెన్ను మూత తీసింది. ఆగిపోయింది.

"అయితే నా సంతకం చెల్లదు గదా!"

"ఎందుకని?"

"ఎందుకనా? తిక్కోడా!"

గోపీకి అర్థమైంది. సంతోషం, దిగులు ఒకేసారి వచ్చిపడ్డాయి. పెళ్లి ఖాయం, పీహెచ్‌డీ మాయం.

వాకిట్లో దగ్గు వినబడింది. వీరభద్ర. ఎప్పటినుంచి నిలబడ్డాడో!

"ఆ కాగితం ఇట్లియ్యప్పా. మధ్యాన్నం పూట మగ్గం మీద కూర్చునేది నేనే. ఆ చీరల్లో సగం నావి. నాకైతే నీ మీద ఏ ఇష్టమూ లేదు. నా సంతకం చెల్లుతాది గదా?"

"చె... చెల్లుతాది మామా."

'మామా' అన్న మాటకు వీరభద్ర కళ్లు చిన్నవి చేసి చూశాడు. ఒక్కో ప్రశ్నా చదివి టిక్కు పెట్టాడు, సంతకం చేశాడు. 'లోపాలు ఏవైనా ఉంటే రాయండి' అన్నచోట తీరిగ్గా రాశాడు:

'యాప్‌లో లోపమేమీ లేదు. చేసినోని సంగతే ఇంకా చూడాల. ఆదివారం వాళ్లమ్మనూ నాయననూ పిలుచుకోని రమ్మన్నా.'

సోమవారం గోపీ ఆ కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా థీసిస్ చివర జతచేసి ఇచ్చాడు. డేటాను దిద్దకూడదు మరి.