నలభై డిగ్రీల సంతకం

ఉదయం ఆరు గంటలకు ద్రెనోవాలా రేవులో వల లాగితే చేపలతో పాటు దూషాన్ శవం పైకి వచ్చింది.

తొమ్మిదిన్నరకు రాజధానిలో కల్నల్ దరింకా తన గది తలుపు గడియ వేసింది. ఎదురుగా ఏజెంట్ వుక్సాన్. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో సగం దూషాన్ పక్క సీట్లోనే గడిపినవాడు.

"మెడ మీద సూది గుచ్చిన గుర్తుంది. లాంతరు ముఠా పని," అంది కల్నల్.

"దూషాన్ అక్కడికి ఎందుకెళ్ళాడు?"

"ఇవాళ ఆ ఊళ్ళో రెఫరెండం. ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో జంటగా బతుకుతుంటే, మున్సిపాలిటీ ఇళ్ళలో, ఆసుపత్రిలో, శ్మశానంలో వాళ్ళకీ మొగుడూపెళ్ళాల హక్కులే ఉండాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. దాన్ని ఉంచాలా, కొట్టెయ్యాలా అని ఓటు."

"లాంతరు ఏ పక్షం?"

"ఏ పక్షమూ కాదు. ఎవరు గెలిచినా ఓటు దొంగదని తేలాలి, ఊరు తగలబడాలి. ఒక్క ఊరి ఓటు కుళ్ళిందంటే, వచ్చే నెలల్లో జరిగే దేశం ఓటును ఎవడు నమ్ముతాడు? అదీ వాళ్ళ లెక్క."

ఆమె బల్ల మీద ఒక హోటల్ బిల్లు పెట్టింది. దూషాన్ దాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి చొక్కా లోపల దాచుకున్నాడు. వెనుక అతని చేతిరాతలో ఒక్కటే ముక్క. 40°.

"జ్వరమా? సారాయా?"

"తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? అక్కడ మన మనిషి ఒకావిడ ఉంది. అత్తిపళ్ళ మాట ఎత్తుతుంది. నమ్ము, కానీ సగమే నమ్ము. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి."

వుక్సాన్ బిల్లును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వల లాగిన జాలరి తన కోటు విప్పి దూషాన్ మీద కప్పాడని రిపోర్టులో ఓ మూల రాసి ఉంది. దారి పొడుగునా అతను ఆ కోటునే తలుచుకున్నాడు. లేకపోతే భయం ఊపిరాడనిచ్చేలా లేదు.

సాయంత్రం ఐదుకు ఏసీ మెకానిక్ ఒకడు నిచ్చెన భుజాన వేసుకుని ద్రెనోవాలా బడి హాల్లోకి వచ్చాడు. పోలింగ్ బోర్డు అధ్యక్షుడు సావో మాస్టారు లేచి నిలబడ్డాడు. డెబ్బై ఒక్కేళ్ళు. రిటైరైన భూగోళం మాస్టారు.

"వచ్చావా నాయనా? పొద్దుటి నుంచి ఏసీ చచ్చింది. కాస్త ప్రాణం పోసి పుణ్యం కట్టుకో," అని తన నీళ్ళ సీసా అతనికే ఇచ్చాడు.

వుక్సాన్ నిచ్చెన ఎక్కాడు. తీగ తెగిపోలేదు. ఎవరో కట్టరుతో శుభ్రంగా కోశారు.

పై నుంచి హాలంతా కనిపిస్తోంది. ఇదివరకే ఓటేశారేమోనని ఓటర్ల వేళ్ళను నీలి దీపం కింద చూసి, గుర్తు మందు చల్లుతున్నారు. గాజులా పారదర్శకంగా ఉన్న బ్యాలెట్ పెట్టె కిటికీ దగ్గర ఎర్రటి ఎండలో ఉంది. దాని పక్కన తెల్లగౌను, ఆకుపచ్చ కళ్ళద్దాలు, మెడలో విదేశీ పరిశీలకురాలి కార్డు. క్లారా అనే ఆ మనిషిని చూసి క్యూలో మగవాళ్ళు కడుపులు లోపలికి లాక్కుంటున్నారు. ఆమె వెనుక మాటా పలుకూ లేని ఫొటోగ్రాఫర్. వాడి కెమెరా ఓటర్ల వైపు లేదు. నిచ్చెన వైపు ఉంది.

వుక్సాన్ ముఖం కనబడకుండా ఏసీ వైపు తిరిగాడు.

ఏడుకు నడవలో క్లారా ఎదురైంది.

"ఈ ఊళ్ళో అత్తిపళ్ళు పండాయా?"

"పిట్టలు తినగా మిగిలినవి ఉన్నాయి."

"వెనక్కి తిరక్కు. వాడు చూస్తున్నాడు. ఎనిమిదికి పెట్టె తెరుస్తారు. మొదటి కాగితం తెల్లగా వస్తుంది."

మొదటి కాగితం అంటే ఏమిటో వుక్సాన్‌కు తెలుసు. ఆ దేశంలో ఓటు వేసేవాళ్ళందరికీ తెలిసిన నియమం అది. పొద్దున్నే మొదటి ఓటరు ఖాళీ పెట్టె చూసి, మొదటి కాగితం మీద, అంటే తనిఖీ కాగితం మీద, సంతకం చెయ్యాలి, బోర్డు సభ్యులూ చెయ్యాలి. ఓట్ల కన్నా ముందు అది పెట్టెలో పడాలి. సాయంత్రం ఆ సంతకాలు కనబడకపోతే మొత్తం ఓటింగ్ రద్దు.

"ఎలా తెల్లగా వస్తుంది?"

"సంతకాల పెన్ను నేనిచ్చాను, పెట్టెను కిటికీ దగ్గర నేనే పెట్టించాను. అంతకు మించి నాకూ చెప్పలేదు. బయట మూడు వ్యాన్లున్నాయి. వాటి నిండా కిరాయి కుర్రాళ్ళు, ఇవీ." చేతిసంచిలోంచి ఒక పోస్టరు మడత కొస చూపించింది. రేవు గోడ మీద పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు. ఒకడు సావో మాస్టారు. కింద ఎర్ర అక్షరాలు: 'దొంగ ఓట్లు వేయించింది వీడే.'

"రెండోవాడు?"

"తోమో. పడవలు బాగుచేసేవాడు. నిరుడు పోయాడు. వాడి పక్క సమాధి స్థలం కుటుంబానికే ఇస్తారట. మీ మాస్టారికి కావలసింది ఆ ఆరడుగులే. ఎవరికీ చెప్పుకోలేదు పాపం. ఓటు రద్దు కాగానే ఆ కుర్రాళ్ళు ముందు వెళ్ళేది ఆయన ఇంటికి."

"నాకెందుకు చెబుతున్నావ్?"

"దూషాన్ నాకు కాఫీ ఇప్పించాడు. ఈ పనిలో ఎవరూ ఇప్పించరు." హీల్స్ చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

వుక్సాన్ మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని బిల్లు బయటికి తీశాడు. కాగితం తెల్లగా ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నలభై లేదు, డిగ్రీ లేదు. చెమటకు కరిగిన మరకైనా లేదు. నిచ్చెన మీద, కప్పు కింది వేడిలో, తన జేబులోనే మాయమైంది.

దూషాన్ అలాంటి పెన్నొకటి దొంగిలించాడు. దాంతోనే రాశాడు. నలభై డిగ్రీలు దాటితే చెరిగిపోయే సిరా!

చెవిలోని చిన్న రిసీవర్ నొక్కాడు. "కల్నల్, వేడికి పోయే సిరా. చెరిగిన రాతను వెనక్కి రప్పించాలి."

అటు నుంచి కాగితాల చప్పుడు, గుసగుసలు. "ల్యాబ్ వాళ్ళంటున్నారు, గడ్డకట్టే చలికి తిరిగి రావచ్చట. మైనస్ పది కావాలి. వుక్సాన్, ఆ ఊరికొచ్చే సొరంగంలో లారీ అడ్డంగా పడేశారు. మన దళం ఎనిమిదిన్నర లోపు రాదు. నువ్వొక్కడివే."

రిసీవర్ మూగబోయింది.

ఎనిమిది కొట్టింది. బయట ఇంకా వెలుతురుంది. తలుపులు మూశారు. బోర్డు సభ్యులు, రెండు పక్షాల ప్రతినిధులు, క్లారా, ఫొటోగ్రాఫర్, ఏసీ మెకానిక్ మిగిలారు. వీళ్ళతో పాటు కాతె అవ్వ. బడి గేటు ముందు చేపల కొట్టు ఆవిడది. ఐదు ఎన్నికలుగా మొదటి ఓటు ఆవిడదే. తన కాగితం పైకి రావడం కళ్ళారా చూడకుండా ఏనాడూ ఇంటికి వెళ్ళలేదు.

సావో మాస్టారు పెట్టె తెరిచి, అడుగు నుంచి మొదటి కాగితం తీసి విప్పాడు. తిప్పి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు.

"సంతకాలు... లేవు."

"లేకపోవడమేంట్రా?" కాతె అవ్వ లేచింది. "నా చేత్తో నేను పెట్టాను కదా! కళ్ళజోడు తుడుచుకో!"

"మోసం!" అని ఎవరో అరిచారు. కిటికీ అవతల ఆ మాట కోసమే కాచుకున్నట్టు వ్యాన్ తలుపులు జరిగిన చప్పుడు. ఒకటి. రెండు. మూడు. మాస్టారు రద్దు ఫారం ముందుకు లాక్కున్నాడు. నియమం నియమమే. కలం మూత తీశాడు.

 ఫొటోగ్రాఫర్ జరుగుతూ జరుగుతూ వుక్సాన్ పక్కకే వస్తున్నాడు. దూషాన్ మెడ కళ్ళ ముందు కదిలింది. అయినా అరిచాడు.

"మాస్టారూ, రాయకండి! ఆ సిరా వేడికి దాక్కుంది. చల్లబెడితే వస్తుంది. గట్టి చల్లదనం కావాలి. మంచు కావాలి!"

"ఏసీ బాగుచెయ్యలేనివాడు మంచు గురించి చెబుతాడా?" అన్నారెవరో.

"ఆగండ్రా," అంది అవ్వ. "మంచు నా దగ్గరుంది. ఉత్త మంచు కాదు, ఉప్పు కొట్టిన మంచు. వేలు పెడితే వేలు ఊడొస్తుంది. నేను వేసింది 'వద్దు' ఓటే, దాచుకునేదేం లేదు. కానీ నా సంతకాన్ని లేదంటే ఊరుకుంటానా?"

ఇద్దరు ప్రతినిధులు, ఒక్కో పక్షం నుంచి ఒకడు, చేపల పెట్టె మోసుకొచ్చారు. హాలంతా నీచు వాసన. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మంచులో పాతి, అవ్వ రెండు చేతులా గళ్ళుప్పు చల్లింది. అందరూ పెట్టె చుట్టూ మూగారు. గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి. గోడకు రాయి తగిలింది. రెండోది కిటికీ పగలగొట్టింది.

అప్పుడే వుక్సాన్ పక్కటెముకల్లో కెమెరా గొట్టం గుచ్చుకుంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

క్లిక్.

ఏమీ కాలేదు. కళ్ళు తెరిచాడు. ఫొటోగ్రాఫర్ తన కెమెరాను వెర్రిగా చూసుకుంటున్నాడు. ఎదురుగా క్లారా జడముడి సవరించుకుంటోంది. కెమెరాలో ఉండాల్సిన పొడుగాటి విషపు సూది అందులో తళుక్కుమంది.

"రెండు జీతాలు తీసుకుంటున్నప్పుడు ఒక్కరికైనా పని చెయ్యాలి కదా," అంది. వుక్సాన్ స్క్రూడ్రైవర్ పిడితో ఫొటోగ్రాఫర్ చెవి వెనుక ఒక్కటిచ్చాడు. వాడు చేపల పెట్టె పక్కన కూలబడ్డాడు.

"వస్తోంది! వస్తోందర్రా!" అంది అవ్వ.

మంచు తుడిచిన కవరులో ముందు ఒక గీత, తర్వాత ఒక సున్న, ఆపైన వంకరటింకరగా, గర్వంగా, కాగితం అంచు దాటి పోయిన కాతె అవ్వ సంతకం. దాని కింద ఐదుగురు బోర్డు సభ్యులవి. 'వద్దు' పక్షం ప్రతినిధే కవరును పగిలిన కిటికీలోంచి బయటికి చూపించి అరిచాడు.

"సంతకాలున్నాయి! మీరెవర్రా మా ఊరి ఓటు ఆపడానికి?"

చూడ్డానికి చేరిన ఊరి జనం ఆ కుర్రాళ్ళ వైపు తిరిగారు. కిరాయికి వచ్చినవాళ్ళు తన్నులకు రాలేదు. వ్యాన్లు వదిలేసి పరిగెత్తారు.

తొమ్మిదికి లెక్క తేలింది. ఉంచాలని వెయ్యీ మూడు వందల పదహారు. వద్దని వెయ్యీ మూడు వందల తొమ్మిది.

ఆలస్యంగా చేరిన దళం ఆ వ్యాన్లను సోదా చేస్తుంటే సావో మాస్టారు ఆ పోస్టర్లు చూశాడు. గోడకు చేరగిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా దాచిన గుట్టు మూడు వేల కాపీలుగా నేల మీద పడుంది.

కాతె అవ్వ వంగి ఒకటి తీసుకుని దూరంగా పట్టుకు చూసింది.

"దీనికా ఆ మొహం? ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం నా దగ్గర ఇద్దరికి సరిపడా చేపలు కొన్నావు. ఒంటిగాడు రెండు కిలోలు తింటాడని నేననుకున్నానా? నీ దగ్గర భూగోళం నేర్చుకోలేదు గానీ, పక్కింటి సంగతి తెలియనంత మొద్దునా?"

"మరి... వద్దని వేశావు కదా అవ్వా?"

"వేశాను. ఓడిపోయాను. తోమోకి అటు పక్క స్థలం నాది, ఇటు పక్క ఇక నీది. అక్కడైనా పాఠాలు చెప్పక నోరు మూసుకుని పడుకో."

మాస్టారు నవ్వబోయాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఏసీ మెకానిక్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నాయనా, వీటిలో ఒక్కటి తీసుకోవచ్చా? భయానికి మేమిద్దరం ఎప్పుడూ కలిసి ఫొటో దిగలేదు. ఎవడు తీశాడో ఏమో, ఇదొక్కటే."

వుక్సాన్ కింది ఎర్ర అక్షరాలను అంచు వెంబడి జాగ్రత్తగా చింపి, పై ముక్క ఆయన చేతిలో పెట్టాడు.

మర్నాడు కల్నల్‌కు పంపిన రిపోర్టులో ఆఖరి వాక్యం: లాంతరు ముఠా నుంచి స్వాధీనం చేసుకున్నవి, వ్యాన్లు మూడు, కెమెరా ఒకటి, పోస్టర్లు మూడు వేలకు ఒకటి తక్కువ, ఏసీ ఇంకా పనిచెయ్యడం లేదు.