చూసినవారి సంఖ్య

"దగ్గరవి బాగానే కనిపిస్తున్నాయండీ. దూరంవే మసక."

కళ్లజోళ్ల దుకాణంలో గాజు బల్ల వెనక కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. "ఇక్కడికొచ్చేవాళ్లందరిదీ అదే బాధ. లోపల కూర్చోండి."

కోడ్ కలిసింది. ఏజెంట్ నిమ్మళం కంటిపరీక్ష గది తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. అసలు పేరు ఆఫీసు ఫైల్లో ఎక్కడో ఉంది. ఏం జరిగినా ముఖంలో గీత కదలదని తోటివాళ్లు ఈ పేరు పెట్టారు. నిజానికి అది ధైర్యం కాదు. కొంతకాలంగా భయమైనా సంతోషమైనా అతనికి పక్కింట్లో మోగే రేడియోలా వినిపిస్తున్నాయి. పాట ఏదో తెలుస్తుంది. తనకోసం పెట్టింది కాదనీ తెలుస్తుంది.

గోడమీద అక్షరాల చార్టు. దాని కింద సీక్రెట్ సర్వీస్ చీఫ్. అందరూ పెద్దాయన అంటారు.

"టైపిస్టును చూసొచ్చావా?"

"చూశాను సర్. కళ్లు తెరుస్తోంది. మూస్తోంది."

టైపిస్టు ఓ విదేశీ ముఠా ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసిన అమ్మాయి. ముఠా మనుషుల పేర్లన్నీ ఆమెకు నోటికొచ్చు. సరిహద్దు దాటించి కారులో తీసుకొచ్చింది నిమ్మళమే. దారిలో ఆమె ఒకటే అడిగింది. "అన్నయ్యా, నాకు కిటికీ ఉన్న గది ఇస్తారా?" ఇప్పిస్తానన్నాడు. ఊళ్లోకి వచ్చాక ముఠా లారీ ఒకటి ఆ కారును గుద్దింది. అతనికి గీత పడలేదు. ఆమె మాత్రం ఇప్పుడు ఐసీయూలో ఉంది. ఎవరు పుణ్యం కట్టుకున్నారో గానీ, మంచం కిటికీ పక్కనే వేశారు.

"రేపు సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేట్ మంచం దగ్గరికే వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు," అన్నాడు పెద్దాయన. "నాలుగింటికి ఆమెను చంపడానికి మనిషిని పెట్టారు. ఆసుపత్రి స్టాఫ్‌లోనే ఉన్నాడు. ఎవడో తెలియదు."

"వేరేచోటికి మారిస్తే?"

"కదిపితే ప్రాణం నిలవదన్నాడు డాక్టర్. స్టాఫ్‌ను ఆపేద్దామంటే మందులిచ్చేదెవరు? ఇదిగో, ఇది చూడు."

ల్యాప్‌టాప్ తిప్పాడు. స్క్రీన్ మీద ఓ వెబ్‌సైట్. పేరు 'మరకల పిన్ని'. బట్టల మీది మరకలు పోగొట్టే చిట్కాలు. చివరి పోస్టు పడి చాలాకాలమైంది. పేజీ అడుగున చిన్న పెట్టెలో 'చూసినవారి సంఖ్య: 6,318' అని ఉంది.

"ఎవరూ చూడని సైటు. అందుకే వాళ్లకు ముద్దు. రేపు నాలుగింటికి హంతకుడు ఈ పేజీ తెరుస్తాడు. ఒక్కసారే. ఆ సంఖ్య చివర మూడు సున్నాలుంటే చంపాలి. లేకపోతే ఆగాలి. ఫోన్ కాల్ లేదు, మెసేజ్ లేదు. మరకల చిట్కా చదివేవాణ్ని ఎవడు అనుమానిస్తాడు?"

"సైటు మూయించేద్దాం సర్."

"పేజీ తెరుచుకోకపోయినా చంపమనే అర్థం."

"మనవాళ్లతో చూపించి సంఖ్య పెంచేద్దాం."

"ఒక ఫోన్‌ను ఒక్కసారే లెక్కేస్తుంది. హంతకుడిది ముందే లెక్కలో పడి ఉంటుంది. మన ఆఫీసంతా కలిస్తే ఓ బస్సు నిండదు. వాళ్ల దగ్గర గదినిండా గోడలకు బిగించిన ఫోన్లున్నాయి. మనం పది పెంచితే వాళ్లు మళ్లీ సున్నాలకు తెస్తారు. అన్ని ఫోన్లు మనం కొనాలంటే టెండరు పిలవాలి. నా కుర్చీ ఫైలే ఇంకా తిరుగుతోంది."

నిమ్మళం ఆ కుర్చీ వైపు చూశాడు. ఒక కాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది.

"అంటే?"

"అంటే జనం కావాలి. నాలుగింటికి సంఖ్య ఒక్కచోట నిలవకుండా నిజమైన మనుషులు వస్తూనే ఉండాలి. ఆ సైటుకి ట్రాఫిక్ పెంచు. ఇదే నీ మిషన్." సొరుగులోంచి ఓ పెన్ను తీసి ఇచ్చాడు. "వాయిస్ రికార్డర్. మనవాళ్లు కొత్తగా చేశారు. నిజంగా రాస్తుంది కూడా. ముందు క్లిక్ రాణిని కలువు."

*

క్లిక్ రాణిని ఆన్‌లైన్‌లో చూడనివాళ్లు తక్కువ. 'ఇంట్లో కూర్చుని లక్షలు' అనేది ఆమె కోర్సు. ఫీజు కట్టి వేలమంది చేరారు. అందరూ తలా ఒక సైటు పెట్టారు, నాలుగు నెలలు రాశారు, ఎవరూ రాక మానేశారు. ఆ చచ్చిన సైట్లనే ఆమె ముఠాకు అద్దెకిచ్చింది. ఫోన్ల గది నడిపేదీ ఆమే. మూడు సున్నాల రహస్యాన్ని పెద్దాయనకు అమ్మిందీ ఆమే. డబుల్ ఏజెంట్.

కార్ వాష్‌లో ఆమె కారు ఎక్కాడు నిమ్మళం. నాలుగు అద్దాల మీదా తెల్లటి నురగ కప్పేసింది. బయటివాళ్లకు లోపల ఎవరున్నారో తెలియదు. ఆమె నల్లకళ్లజోడు తీయలేదు.

"రేపు నా వెనకాల వాళ్ల సూపర్‌వైజర్ నిలబడి ఉంటాడు," అంది. "సంఖ్యను సున్నాల మీద నిలబెట్టి తీరాల్సిందే. లేకపోతే ముందు నేను పోతాను. నామీద ఆశ పెట్టుకోకండి."

"పెట్టుకోలేదు. జనం ఎలా వస్తారో చెప్పు చాలు."

ఆమె నవ్వింది. అందమైన నవ్వే. అతని దాకా రాలేదు.

"అది తెలిస్తే కోర్సులెందుకు అమ్ముకుంటానండీ? జనం వస్తారని నమ్మించడం తెలుసు. రప్పించడం తెలీదు."

బ్రష్షులు తిరుగుతూ వచ్చి నురగ తుడిచేశాయి. అప్పటికే అతను దిగిపోయాడు.

*

మరకల పిన్ని ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ పనిచేస్తోంది. అదీ ఓ మంచే అనుకున్నాడు నిమ్మళం. అతికించిన మీసం, మెడలో ఐడీ కార్డు, దాని మీద 'ట్రాఫిక్ గ్రోత్ కన్సల్టెంట్'. జేబులో పెన్ను.

"డబ్బులేం అడగవు కదా?" తలుపు సగమే తీసింది పిన్ని.

"లేదమ్మా. ఫ్రీ ట్రయల్."

"ఫ్రీ అంటేనే భయం బాబూ నాకు. సరే రా. ఆ మీసం కొత్తగా పెంచుతున్నావా? ఓ పక్క లేస్తోంది."

నిమ్మళం మీసం నొక్కుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పిన్ని భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేవాడు. అది మూతపడ్డాక ఇల్లు గడవడానికి ఆమె ఈ సైటు పెట్టింది. ఆయన బల్లకి ఆ చివర కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన చొక్కాజేబు అడుగున నీలిరంగు మరక ఉంది.

నిమ్మళం పాత పోస్టులు తెరిచాడు. 'మరకలు తొలగించే మార్గాలు. మరకలు తొలగించే మార్గాల్లో ఉత్తమమైన మరకలు తొలగించే మార్గాలు ఏవనగా...'

"ఇలా ఎందుకు రాశారమ్మా?"

"క్లిక్ రాణి మేడమ్ క్లాసులో చెప్పింది. ఒకే మాట పదిసార్లు రావాలట. అప్పుడే సెర్చ్‌లో పైకి తేలుతుందట. రాసేటప్పుడు నాకే నిద్రొచ్చేది."

"చదివితే నాకూ వచ్చింది," అన్నాడు పేపరు వెనకనుంచి భర్త.

"మీకు చదవకపోయినా వస్తుంది లెండి." అని ఇటు తిరిగిన పిన్ని ఒక్కసారిగా ఆగిపోయింది. "అయ్యో! నీ జేబేంటి బాబూ అలా అయిపోయింది?"

నిమ్మళం కిందికి చూశాడు. సర్వీస్ వారి సరికొత్త రికార్డర్ పెన్ను కారుతోంది. తెల్లచొక్కా మీద నీలి మచ్చ అరచేయంత అయింది. వేలితో రుద్దబోయాడు.

"రుద్దకు! రుద్దావంటే దాన్ని ఊరంతా ఊరేగించినట్టే. చెయ్యి తియ్యి. అసలు మీ మగాళ్లకి జేబంటే ఏమిటి, సిరాబుడ్డా? పెన్నుకి మూత ఎందుకిచ్చాడయ్యా, నమలడానికా? ఇదిగో, ఈయన ముప్పై ఏళ్లు అక్షరాలు అచ్చేశాడు, మూత పెట్టడం మాత్రం ఆయన బుర్రలో అచ్చు పడలేదు! విప్పు చొక్కా. సిగ్గెందుకు, నీ వయసు తమ్ముడున్నాడు నాకు. చూడు, జేబులోపల పాతగుడ్డ పెట్టాలి. పైనుంచి స్పిరిట్‌తో అద్దాలి. అద్దడం అంటే అద్దడమే, పగవాడి వీపు తోమినట్టు కాదు. గుడ్డకి ఎక్కే కొద్దీ జరుపుతూ ఉండాలి. వేణ్ణీళ్లు తగిలించావో, ఆ మరక నీతోపాటే రిటైరవుతుంది!"

పావుగంట తిట్టింది. పేపరు వెనక భర్త భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో, నవ్వాపుకుంటున్నాడో. నిమ్మళం బనీనుతో కూర్చుని విన్నాడు. తనను ఎవరైనా తిట్టి చాలాకాలమైందని గుర్తొచ్చింది. పిన్ని తిడుతూనే, వేడెక్కిన అతని ల్యాప్‌టాప్ కింద ఓ తడిగుడ్డ మడిచి పెట్టింది.

సిరా అంతా కారిపోయినా పెన్నులోని రికార్డర్ పనిచేస్తూనే ఉంది. ఆ పావుగంటనూ ఒక్క మాట మార్చకుండా టైపు చేశాడు. పైన హెడ్డింగ్ పెట్టాడు. 'జేబులో మూతలేని పెన్ను పెట్టుకునే మగవాళ్లకు.'

"ఇదేంటి, నోటికొచ్చింది అలాగే వేసేస్తావా?" పిన్ని కంగారుపడింది. "ఎవరు చదువుతారు ఇది?"

"నేను చదివానమ్మా," అన్నాడు నిమ్మళం. "నిద్ర రాలేదు."

*

మర్నాడు పొద్దున్నే పోస్టు వేశారు. పిన్ని భర్త దాన్ని పాత ప్రెస్ మిత్రుల గ్రూపులో పెట్టాడు. వాళ్లలో ఒకాయన పొరపాటున భార్యకి చూపించాడు. అక్కణ్నుంచి అది ఆడవాళ్ల చేతుల్లో పడింది. చెల్లెళ్లకూ, వదినలకూ, ఆఫీసుల్లోని అకౌంటెంట్లకూ వెళ్లింది.

కింద కామెంట్లు మొదలయ్యాయి. 'మా ఆయనకి పంపాను. చదివాడు. మాట్లాడటం లేదు.' 'పిన్నిగారూ, గ్రీజు మరకకి కూడా ఇలాగే తిట్టండి.'

పిన్ని ప్రతి కామెంటుకూ జవాబు రాస్తూ గ్లాసులో నీళ్లు తాగడం కూడా మరిచిపోయింది. పేజీ పక్కన ప్రకటనలు వేసిన కంపెనీవాళ్ల నుంచి మొదటి ఆదాయం తాలూకు సందేశం వచ్చింది. భర్త పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నీ తిట్లకి డబ్బులిస్తారని ముందే తెలిస్తే ఆ ప్రెస్‌లో ఎందుకు చాకిరీ చేసేవాణ్నే?"

కానీ భోజనాల వేళ దాటేసరికి వచ్చేవాళ్లు తగ్గారు. మూడున్నరకి ఒకరూ ఇద్దరూ. తర్వాత సంఖ్య మళ్లీ వేగంగా కదిలింది. అది జనం కదలిక కాదు. వరసగా, ఒకే తూకంలో పెరుగుతోంది. ఫోన్ల గదిలో పని మొదలైంది.

6,990. 6,996. నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

7,000.

అక్కడ ఆగింది.

నిమ్మళం చెవిలో ఇయర్‌ఫోన్. అవతల ఐసీయూ గుమ్మం దగ్గర కాపలా ఉన్న సహచరుడు. "లోపల ఇద్దరు నర్సులు, తుడిచే ఆమె, ఆక్సిజన్ సిలిండర్ మార్చేవాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లే గురూ. ఎవర్ని పట్టుకోను?"

నిమ్మళం సంఖ్యనే చూస్తున్నాడు. అతని ఫోన్ ఎప్పుడో లెక్కలో పడిపోయింది. పిన్నిదీ, ఆమె భర్తదీ కూడా. చేతిలో ఇక ఏమీ లేదు. కిటికీ ఉన్న గది అనే మాట ఒక్కటే మెదిలింది. పక్కింటి రేడియో ఎవరో గోడ పగలగొట్టి ఇటు తెచ్చినట్టు, గుండె చప్పుడు చెవుల్లో మోగింది.

"బాబూ, ఏమైంది? అలా చెమటలు పట్టాయేం?" పిన్ని గ్లాసు అందించింది.

7,001.

గ్లాసు అతని చేతిలోనే ఉండిపోయింది. 7,019. 7,160. అంకెలు కంటికి అందడం మానేశాయి. చివరి మూడు గళ్లూ మసకబారి తిరుగుతున్నాయి. పిన్ని నోరు తెరిచి చూస్తోంది.

గోడ గడియారంలో నాలుగైంది.

ఇయర్‌ఫోన్‌లో సహచరుడి గొంతు. "సిలిండర్ మనిషి ఫోన్ చూసుకున్నాడు. మళ్లీ చూశాడు... జేబులో పెట్టుకున్నాడు. బయటికి వస్తున్నాడు. వెళ్లిపోతున్నాడు గురూ!"

"పోనీ. వెనకాల మనిషిని పంపు. ఆ అమ్మాయి?"

"కిటికీ వైపు తిరిగి పడుకుంది."

ఐదింటికి మేజిస్ట్రేట్ వచ్చాడు. టైపిస్టు పేర్లు చెప్పింది. చీకటి పడేలోగా అందర్నీ పట్టుకున్నారు. సిలిండర్ మనిషి సంచిలో సిరంజి దొరికింది.

వెళ్లొస్తానని లేచిన నిమ్మళం చేతిలో ఇస్త్రీ చేసిన చొక్కా పెట్టింది పిన్ని. జేబు తెల్లగా ఉంది. "రేపేం రాయను బాబూ?" అని అడిగింది.

"గ్రీజు గురించి అడిగారుగా అమ్మా," అన్నాడు.

*

క్లిక్ రాణిని ఆమె స్టూడియోలోనే అరెస్టు చేశారు. మేకప్ చెదరలేదు. నిమ్మళం ఆమె ఎదురుగా కూర్చుని ఓ స్క్రీన్‌షాట్ ముందుకు జరిపాడు. నాలుగింటికి సరిగ్గా ముందు ఆమె తన లక్షలాది ఫాలోయర్లకు పెట్టిన పోస్టు. పొద్దుటినుంచి పిన్ని సైటు పైకి లేచిన గ్రాఫ్, కింద లింకు, పైన పెద్ద అక్షరాల్లో 'నా స్టూడెంట్ సక్సెస్!'

"ఆ లింకు వల్లే సంఖ్య దాటిపోయింది. వెనకాల సూపర్‌వైజర్ ఉన్నాడు. తెలిస్తే చంపేసేవాడు. మాకోసం చేశావా?"

ఆమె కళ్లజోడు తీసింది. కళ్లు మామూలుగా, కాస్త అలసిపోయి ఉన్నాయి.

"అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా?"

"ఏదైనా రాసుకుంటాను."

"ఇన్నేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒక్కరికి నిజంగా జనం వచ్చారండీ. ఒక్కరికి! చూపించుకోకుండా ఎలా ఉండమంటారు?"

నిమ్మళం నవ్వాడు. శబ్దం విని గుమ్మం దగ్గర కానిస్టేబుల్ లోపలికి తొంగి చూశాడు.

రిపోర్టులో 'సహకరించడానికి కారణం' అన్నచోట మూడే గళ్లున్నాయి. డబ్బు, భయం, దేశభక్తి. ఆమె చెప్పిన కారణానికి గడి లేదు. నిమ్మళం కాసేపు ఆలోచించి, దేశభక్తి దగ్గర టిక్కు పెట్టాడు.