ఎడంగంట

పొట్టేలు మెడలోని ఎడంగంట ఆ పొద్దున మూడోసారి అదే మాట చెప్పింది. "రాళ్లవాగు లోయ. మీ వంతు నాలుగో రోజు. అంతవరకు ఉన్నచోటే ఉండండి."

"ఈడ ఏముందని ఉండేది, నీ మొగం!" అంది మారెక్క. గంటతో పోట్లాడి లాభం లేదని తెలుసు. అయినా తిట్టకుండా ఉండలేకపోయింది. చుట్టూ ఎర్రమట్టి, ఎండుకంప. రెండు వందల గొర్రెల్లో నలభై చూడివి. నాలుగు రోజులు పస్తుంటే ఈనే ఓపిక ఒక్కదానికీ మిగలదు.

వాన ఎక్కడ పడుతుందో ఎవరికీ అంతుబట్టని కాలం అది. ఆకాశంలో తిరిగే వానకన్ను ఏ లోయలో చినుకు పడిందో, గడ్డి ఎప్పుడు లేస్తుందో చూసి మందలకు వంతులు వేస్తుంది. ఆ వంతు చెప్పేది ఎడంగంట. వేరే మంద మూడు కిలోమీటర్ల లోపలికి వస్తే చాలు, పొట్టేలు చెవిలో సన్నగా కూత పెట్టి దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. మంద దాని వెంటే మళ్లుతుంది. పన్నెండేళ్ల కిందట ఈ నల్లమల అంచునే కర్నూలు కాపరులూ పాలమూరు కాపరులూ తలలు పగలగొట్టుకున్నారు. కర్నూలు వైపునున్న మారెక్క వాళ్లన్న ఓబిలేసు కుడిచెయ్యి ఆ రోజే విరిగింది. ఆ తర్వాత గంటలొచ్చాయి. మళ్లీ ఒక్క కర్ర లేవలేదు. ఒక మంద వాళ్లు ఇంకో మంద వాళ్ల మొహం చూసిందీ లేదు.

మారెక్క గంట పట్టీ విప్పింది. అది నేరం. నేరం కంటే అవతల ఎవరు ఎదురవుతారోనన్న భయమే ఆమెకు ఎక్కువగా ఉంది.

"పదండి, అయ్యేదేదో అయితాది," అంటూ మందను మిట్ట ఎక్కించింది.

పైనుంచి కిందికి చూసింది. లోయంతా పచ్చగడ్డి, మోకాలెత్తున! మేసే జీవం ఒక్కటి లేదు. మరి ఈ రోజు ఎవరి వంతు? అంతలో ఎదుటి మిట్ట మీద దుమ్ము లేచింది. ఇంకో మంద! ముందు ఒక ముసలాయన, చేతిలో విప్పిన ఎడంగంట.

"ఎవలమ్మా నువ్వు? నీ వంతెప్పుడు?" ఆయన పాలమూరు యాసలో కేకేశాడు.

"నాలుగో దినం! నీది?"

"నాది గూడ నాలుగో దినమే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గొడవ రాకూడదని వానకన్ను ఇద్దరికీ అదే వాయిదా చెబుతూ గడ్డిని ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టింది!

ముసలాయన కర్ర పైకెత్తాడు. "ఇంకేం జూస్తున్నవ్ బిడ్డా? కొట్టు! కొట్టు!"

మారెక్కకు అన్న మాట గుర్తొచ్చింది. 'కొట్టండి అని అరిచినారు మే, అందుకే నేనూ కర్ర ఎత్తితి' అని అన్న ఎన్నిసార్లు చెప్పాడో! ఆమె చెయ్యి కర్ర మీద బిగిసింది. ఆయన మాత్రం ఆమె వైపు చూడనైనా లేదు. నాలుకతో టక్‌టక్‌మనిపిస్తూ, ఒక్క గొర్రెకూ కర్ర తగలకుండా మందను లోయలోకి దించాడు.

"గట్ల నిలబడ్డవేంది? నీ గొర్లను గూడ ఇటు కొట్టుకరా. ఇద్దరికి సాలుతది."

"కొట్టేదంటే... తోలేదా?"

"మరేంది? గొర్లను కొట్టుకపోతం, బర్లను కొట్టుకపోతం. మీరేమంటరు?"

"తోలుకోని పోతాం అంటాం, పెద్దాయనా."

ఆయన ఉన్నపళంగా ఒక రాయి మీద కూలబడ్డాడు. పేరు గట్టయ్యట. "పన్నెండేండ్ల కింద కొట్లాటైన దినం పిలిసింది నేనే బిడ్డా. నీళ్లున్నయి, ఇటు కొట్టున్రి అని కేకేసిన. మీవోడు కర్ర లేపిండు. ఎందుకో ఇయ్యాల్టిదాక నాకు సమజ్ గాలే."

పన్నెండేళ్లలో ఈ ఒక్క మాట అడిగే వీలు ఎవరికీ దొరకలేదు. కింద రెండు మందలూ ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయి మేస్తున్నాయి. మారెక్క ఆత్రంగా నడుముకున్న మాటబిళ్ల తీసి అన్నను పిలిచింది. నవ్వుతూ, ఏడుస్తూ, ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పేసింది.



"అయితే పిలిసినోళ్లనే కొడితినా మే?" అన్నాడు ఓబిలేసు.

 వెంటనే అన్న గొంతు మళ్లీ వినిపించింది, ఈసారి తొందర తొందరగా. "ఆయప్పను ఆడే ఉండమను. వస్తాండా."