చేమాకు మీద చుక్క

వరహాలరావుకి పెళ్ళాం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. రహస్య శాఖలో ఆయన ఏడో నంబరు ఏజెంటు. నాలుగు భాషల్లో అబద్ధమాడగలడు, చప్పుడు లేకుండా మనిషిని చంపగలడు. అయినా తవిటమ్మ లెక్కలో ఆయన మంచినీళ్ళు చూసుకుని తాగడం కూడా రాని మనిషి. ప్రయాణమన్న ప్రతిసారీ గుమ్మంలో నిలబెట్టి అదే పాఠం.

"కోతి ముట్టనిది మీరు ముట్టకండి. అనుమానమొస్తే చేమాకు మీద ఓ సుక్క ఏసి సూడండి. మంచిదైతే ముత్యంలా దొర్లిపోద్ది. మందు కలిసిందయితే ఆకునంటుకుని సతికిలబడిపోద్ది."

"రివాల్వరుండగా చేమాకెందుకే?"

"రివాల్వరు కల్తీ కనిపెడతాదేటి?"

అది 1926. ఆ ఉదయం బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

"మన ఏజెంటు భీముడు పోయాడు," అన్నాడు చీఫ్. "అనంతగిరి కాఫీ తోటలో, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గొంతు కోసేశారు. గుప్పిట్లో ఈ చీటీ."

రక్తంలో తడిసి ఆరిన కాగితం మీద మూడే మాటలు: కోతులు, చుక్కలు, శుక్రవారం.

"డాక్టర్ క్రూగర్ పనే ఇది. అడవిలో కోతులు ఏం తింటాయి, నీటి మీద చుక్క ఎలా పాకుతుంది, ఇదీ అతని పైకి కనిపించే రీసెర్చ్. లోపల విదేశీ ముఠాకి యుద్ధవిషం తయారుచేస్తున్నాడు. ఒక్క చుక్క వేస్తే కుండంతా పాకిపోతుంది. శుక్రవారం అరకు సంతలో మనుషుల మీద పరీక్ష. దేంట్లో కలుపుతాడో తెలీదు. అతని అసిస్టెంటు మిస్ ఇర్మా మన ఏజెంటే. 'కొండ మీద నారింజలు కాశాయా?' అని అడుగు. 'పులుపు' అంటుంది."

శుక్రవారం పొద్దెక్కేసరికి వరహాలరావు పసుపు వర్తకుడి వేషంలో అరకు చేరాడు. ఇర్మా గుర్రం దిగింది. ఎర్ర పెదవులు, తెల్ల గ్లౌజులు, పది గజాల ముందే వచ్చిపడే సెంటు.

"కొండ మీద నారింజలు కాశాయా?"

"పులుపు," అని నవ్వింది. "విషం కలిపేది కొండ ఊటలో. సంతంతా ఆ నీళ్ళే తాగుతుంది. ఒంటరిగా వెళ్ళండి."

ఆ నవ్వు నమ్మకుండా ఉండాలంటే మనిషి సన్యాసి అయినా అయ్యుండాలి, తవిటమ్మ అయినా అయ్యుండాలి. వరహాలరావు నమ్మాడు.

ఊట దగ్గర బండ చాటు నుంచి ఇద్దరు దూకారు. మొదటివాడి కత్తి పక్కటెముకల మీదుగా గీసుకుపోయింది. ఆ మణికట్టే విరిచి, వాడి తలని బండకేసి మోదాడు. కొబ్బరికాయ చప్పుడయింది. రెండోవాడు గొంతు పిసుకుతుంటే, రివాల్వరు వాడి పొట్టకి ఆనించి రెండుసార్లు నొక్కాడు.

ఊటని కాపాడేశాననుకుని ఊపిరి పీల్చుకునేలోగా కొండముచ్చుల మంద దిగింది. రోజూ అలవాటున్నట్టు ఊటలో మూతులు పెట్టి తాగాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఒక ముసలి కొండముచ్చు మాత్రం జీలుగు చెట్టెక్కి, ఇంకా దింపని కల్లుకుండలో మూతి పెట్టబోయింది. వాసన చూసింది. తుమ్మింది. పిల్లల్ని లాక్కుని పరుగందుకుంది.

కోతి ముట్టనిది!

ఆ చెట్ల కల్లే ఈవేళ సంతకి దిగింది. ఇర్మా చెప్పిన ఊట మాట తనని ఇక్కడ చంపడానికి పన్నిన ఎర. వరహాలరావు పరిగెత్తాడు.

సంతలో మూడొందల మంది కల్లు నింపిన ఆకుదొప్పలు పట్టుకుని కూర్చున్నారు. పెద్దమనిషి సోంబరు చచ్చిపోయిన పెద్దలకి మూడు చుక్కలు వదలందే ఎవరూ పెదవి తడపరు. పక్కనే గొడుగు పట్టుకుని క్రూగర్, నోటుబుక్కుతో ఇర్మా.

సోంబరు నేల మీద పరిచిన చేమాకు మీద మొదటి చుక్క వదిలాడు. దొర్లి మట్టిలో పడాల్సిన చుక్క ఆకునంటుకుని పల్చగా పాకిపోయింది. రెండోదీ అంతే.

"ఏటిది? పెద్దోలు పుచ్చుకోరేటి?"

"బేగి కానీ తాతా, గొంతెండిపోతంది!" అని గుంపులోంచి మంగ్లు అనే కుర్రాడి కేక.

మూడో చుక్కా పాకింది. సోంబరు సందేహిస్తూనే దొప్ప ఎత్తాడు. కల్లు పెదవికి తగలబోతోంది.

ఢాం!

దొప్ప ముక్కలైంది. "తాగకండి! విషం!"

క్రూగర్ గొడుగులోంచి సన్నని కత్తి దూసి వరహాలరావు భుజంలో దించాడు. సోంబరు గొడ్డలి లేచింది. కత్తితో పాటు క్రూగర్ అరచెయ్యీ నేల మీద పడింది. ఇర్మా పిస్తోలు పేలింది. వరహాలరావు వంగాడు, గుండు క్రూగర్ నుదుటి మధ్య దిగింది. రెండోసారి పేల్చే అవకాశం వరహాలరావు రివాల్వరు ఆమెకి ఇవ్వలేదు. ఎండుమిరప కుప్ప మీద వెల్లకిలా పడింది. ఆ ఎరుపులో నెత్తురేదో ఎవరికీ తేలలేదు.

సోంబరు గొడ్డలి తుడుచుకున్నాడు. "నీకెలా తెలిసింది బాబూ? పెద్దోలు కబురెట్టారేటి?"

"కాదు తాతా. ఇంట్లోవాళ్ళు."

నాలుగోనాడు కట్లతో ఇల్లు చేరిన మొగుణ్ణి తవిటమ్మ ఎగాదిగా చూసింది. కోటు వాసన చూసింది.

"ఈ సెంటేటి?"

చెప్పాడు. ఊటా, కొండముచ్చూ, చేమాకూ, అంతా.

"అయితే?"

"అయితే ఏముంది? కేసు ముగిసింది."

"అయితే?" మజ్జిగ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఏడాది క్రితం శత్రువులు రెండు గోళ్ళు ఊడబెరికినా నోరు విప్పని మనిషి, ఏడో నంబరు ఏజెంటు, గ్లాసు వంక చూశాడు, వీధి వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదే తవిటమ్మా," అన్నాడు, పక్కింటికి వినబడేలా.