బురుజు దగ్గర చప్పుడు

చెరువు గట్టు మీది పాతకోట పేరెత్తితే మా ఊర్లో పట్టపగలు కూడా గొంతులు తగ్గుతాయి. కాలువ నీళ్లొచ్చి, ముప్పై ఏండ్లు ఎండిన చెరువు నిండినప్పటి నుంచి దానికి ఈ చెడ్డపేరు. దెయ్యముందని ఊరి పెద్ద సుబ్బన్న తేల్చినాడు. ఆయన తేల్చినాక ఊరు ఇంక ఆలోచించదు.

విన్నది విన్నట్టు చెప్తాండా.

మగ్గం నేసే ఓబిలేష్ చెల్లెలు జయంతికి గట్టు అవతలి ఊర్లో పెండ్లి. తెల్లవారుజామున ముహూర్తం. ముహూర్తం చీర తానే నేస్తానని పంతం పట్టినాడు. ఇంటిల్లిపాదీ ముందే పెండ్లికి పోయినా, ఈయన మగ్గం దిగలేదు. రాత్రి మూడు గంటలకు మగ్గం మీంచి చీర కోసి, సంచిలో పెట్టుకొని బండెక్కినాడు.

చుట్టూ పోతే ముహూర్తం తప్పుతాది. గట్టు మీద అయితే అర్ధగంట.

కోట బురుజు దగ్గర రాళ్లు కూలి దారి ఇరుకు. బండి ఆపి, దిగి నెట్టాల్సిందే. ఆపినాడు...

తప్... తప్...

ఎవరో అరచేత్తో గోడను కొడుతున్నట్టు. ఆ వెనకే పొడుగాటి నిట్టూర్పు. మెడ మీద చల్లటి ఊపిరి — ఎండాకాలంలో, మా ఊర్లో, చల్లగాలి! బురుజు మీద తెల్లగా ఏదో వణుకుతాంది.

బండి వెనక్కి తిరిగింది.

ధైర్యం తెచ్చుకొని మళ్లీ పోయినాడు. తప్... తప్... మళ్లీ వెనక్కి. మూడోసారి గట్టు మొదట్లోనే ఆగి, హ్యాండిల్ మీద గుద్దినాడు.

"థూ! రెండు నెలలు నడుం విరగ్గొట్టుకుంటి... ఎవరి కోసమప్పా!"

అక్కడి గుడిసెలో ఉండే హనుమంతమ్మవ్వ బయటికొచ్చింది.

"ఏమిరా, ఎన్నిసార్లు తిరుగుతావు? నిద్ర పోనియ్యవా?"

"అవ్వా... ఆడ ఏమో ఉండాది."

"ఉంటే ఉండనీ. దాన్ని కూడా పెండ్లికి పిలిచినావా? పద, చూస్తా."

వెనక ఎక్కించుకొని పోయినాడు. బురుజు దగ్గర అవ్వ దిగి, చప్పుడు వైపే నడిచింది.

"అవ్వా... వద్దు..." ఓబిలేష్ బండి దిగలేదు.

బురుజు నీడలో అవ్వ వంగింది. కనబడలేదు.

ఉన్నట్టుండి చల్లగా ఏదో ముఖానికి తగిలింది — ఓబిలేష్ కేకకు గట్టు మీద కుక్కలన్నీ లేచినాయి.

"నీళ్లురా, ఎదవా!" అవ్వ చేయి విదిలించింది. "చెరువు నిండినాక గాలి లేస్తే రాతిని ఇట్లే కొడతాది. ఆ తెల్లంది నీళ్ల మీంచి గోడ మీద పడే వెన్నెల. మీరు పుట్టినాక ఇప్పుడే కదా నిండింది, మీకెట్ల తెలుస్తాది!"

అవ్వ మళ్లీ బండెక్కలేదు. గోడకు ఆనుకొని కూర్చుంది. "నువ్వు పో. నేను కొంచేపు ఈ నీళ్ల చప్పుడు ఇంటా."

పందిట్లోకి ఓబిలేష్ చేరేసరికి తాళి కట్టేసినారు. జయంతి అంగడి చీరలో ఉంది. అన్న చేతిలోని సంచి చూసి తల తిప్పుకుంది.

ఎందుకింత ఆలస్యమని అడిగిన వాళ్లందరికీ ఓబిలేష్ దెయ్యమనే చెప్పినాడు.

నీళ్లు అడ్డమొచ్చినాయంటే ఈ కరువు సీమలో ఎవరు నమ్ముతారు?