‘డ్రెడ్జర్’కు తొమ్మిది మార్కులు

2074 నాటికి విశాఖపట్నంలో "ఆ పాట బాగుందా?" అని అడిగేవాళ్లు లేరు. "ఎంతొచ్చింది?" అని అడిగేవారు. బస్సులో కూర్చున్నా, పెళ్లి భోజనాల దగ్గర నిలబడ్డా, చెవి వెనక అతికించుకున్న మినపగింజంత చెవిపూసలోంచి అరవై దాటిన పాటలే వినబడేవి. అరవై రాని పాట నలుగురిలో మోగకూడదని నగర శాసనం. ఇంట్లో తలుపులు మూసుకుని వింటే మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

ఆ మార్కులు వేసే యంత్రం పేరు రంజనమాపకం. ప్లెజర్ మీటర్ అనేవారు. చెవి వెనక నుంచి గుండెదాకా పోయే వేగస్ అనే నాడి ఒకటుంది. మనసుకు నచ్చింది ఎదురైతే అందులో సన్నని విద్యుత్ ప్రవాహం ఒక తీరుగా కదులుతుంది, నచ్చకపోతే మరో తీరుగా. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు గాని ఆ నాడితో ఆడించలేం. వెయ్యిమంది నమూనా శ్రోతల చెవిపూసల నుంచి ఆ కదలికలను రాబట్టి, సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె చెప్పడమే యంత్రం పని. మొహమాటాలు, సిఫార్సులు, అభిమాన సంఘాల గోల ఏవీ దాని ముందు సాగవు. అందుకే జనం దాన్ని నమ్మారు.

కోరాడ సన్యాసిరావుకు మాత్రం దాని పేరు వింటేనే ఒళ్లు మండేది. అతను ‘ఇనపకెరటం’ అనే బృందానికి గిటారిస్టు. వాళ్లది ప్రోగ్రెసివ్ మెటల్, అంటే చెవులు దద్దరిల్లే గిటార్ల మోతలో చిక్కు తాళాలు కలిపే సంగీతం. పాటలు కట్టేదీ అతనే. ఆరేళ్లు చెమటోడ్చి కట్టిన ‘డ్రెడ్జర్’ అనే పాటకు రంజనమాపకం తొమ్మిది మార్కులు వేసింది. తొమ్మిది! పిల్లల టీకాల ప్రకటనకు ముప్పై నాలుగు వేసిన యంత్రం అది.

పాట నిడివి పద్దెనిమిది నిమిషాలు. అతని తండ్రి హార్బర్‌లో ఇసుక తోడే డ్రెడ్జర్ మీద ముప్పయ్యేళ్లు పనిచేశాడు. చిన్నప్పుడు తండ్రితో వెళ్లి విన్న దాని గొలుసుల మోత ఏడేసి దెబ్బలుగా సన్యాసిరావు చెవుల్లో ఉండిపోయింది. పాట ఆ ఏడుతో మొదలై, పదకొండులోకి, పదమూడులోకి మారుతూ, తెరిపి లేకుండా గర్జిస్తూ పోతుంది. పన్నెండో నిమిషంలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పాడే గొంతు ఒక్కటే మిగులుతుంది. డ్రమ్స్ వాయించే జోసెఫిన్‌కు అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

"తొమ్మిదేటి గురూ! ఆ మిషన్‌కి చెవులున్నాయా, తుప్పట్టీసినాయా?" అంది జోసెఫిన్.

"చెవులున్నాయి. బుర్రే లేదు," అని సన్యాసిరావు ఆమెను వెంటబెట్టుకుని ఎకాయెకి మాపన కేంద్రానికి వెళ్లాడు.

కేంద్రం అధిపతి డాక్టర్ హైమవతి. యంత్రాన్ని తయారుచేసిన ముగ్గురిలో ఒకావిడ. అరవయ్యేళ్లుంటాయి, ఎవరేమన్నా గొంతు పెంచదు.

"మేడమ్, మీ వెయ్యిమందీ నా పాట ఎంతసేపు ఇన్నారు?"

"తొంభై సెకన్లు. ఎవరి పాటకైనా అంతేనండి. రోజుకు నాలుగువేల పాటలొస్తాయి మాకు."

"పద్దెనిమిది నిమిషాల పాటకి తొంభై సెకన్లు ఇనీసి మార్కులేసీసినారా? ఉలవచారు పొయ్యెక్కిన నిమిషానికే నోట్లో పోసుకుని, బాగోలేదని పారబోసీస్తారేటి మీ ఇంట్లో?"

హైమవతి నవ్వు ఆపుకుంది. "నేను మాత్రం చివరిదాకా విన్నానండి. పన్నెండో నిమిషంలోని ఆ గొంతును మొదట్లోనే పెట్టి ఉండొచ్చు కదండీ. అందరికీ దొరికేది."

సన్యాసిరావు ముఖం కందగడ్డ అయింది. "అందరికీ ఎందుకు దొరకాలి మేడమ్? పన్నెండు నిమిషాలు ఆ మోత మోసినోడికే ఆ నిశ్శబ్దం దక్కుతాది. అది ఎక్కడుండాలో అక్కడే ఉంటాది."

ఈ తరహా సంగీతం కట్టేవాళ్ల తీరే అంత. తియ్యటి ముక్కను తీసుకెళ్లి అటక మీద దాచిపెడతారు, తరవాత ఎవరూ తినలేదని అలుగుతారు.

అయితే అతని కోపంలో న్యాయం ఉందని హైమవతికి తెలుసు. ఆ తొంభై సెకన్ల నిబంధన ఆమెకూ చాలాకాలంగా మింగుడుపడటం లేదు. "సరే. పాట మొత్తం వినిపిస్తాను, వెయ్యిమందికీ. ఎవరూ మధ్యలో లేచిపోకూడదని చెబుతాను. ముందు మీ చెవిని కొలవాలి," అంది.

కర్త చెవిని కొలవడం మరో నిబంధన. యంత్రాలు గంటకో లక్ష పాటలు అల్లి పారేస్తున్న కాలం కదా. పాట మనిషి కట్టిందేనని రుజువు కావాలంటే, కట్టినవాడి నాడి తన పాటకు తానే యాభైకి పైన పలకాలి. దానికి కర్తృసూచి అని పేరు. ఏడాదికోసారి మళ్లీ కొలుస్తారు. సన్యాసిరావు చెవిపూస పెట్టుకుని, కళ్లు మూసుకుని పాట విన్నాడు. తొంభై ఆరు వచ్చింది.

మర్నాడు వెయ్యిమంది పాట మొత్తం విన్నారు. మొదటి నాలుగు నిమిషాలూ అంకె తొమ్మిది దగ్గరే కూలబడింది. ఏడో నిమిషానికి ముప్పైకి పాకింది. పన్నెండో నిమిషంలో మోత ఆగి గొంతు ఒక్కటే వినబడగానే తొంభై దాటేసి, చివరిదాకా దిగలేదు. పాట ముగిశాక మనసులో మిగిలినదానికే యంత్రం ఎక్కువ తూకం వేస్తుంది. మొత్తం మీద ఎనభై ఎనిమిది.

హైమవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పదేళ్లుగా జనాన్ని తక్కువ అంచనా వేశానండీ. తప్పు నాదే. ఇకనుంచి ప్రతి పాటనూ పూర్తిగా కొలుస్తాం."

"జనానికి లోతు అక్కర్లేదన్న ప్రతివాడినీ పిలిచి ఈ అంకె చూపించాలి మేడమ్!" అని అరిచాడు సన్యాసిరావు. జోసెఫిన్ అతన్ని పట్టుకుని భోరుమంది.

ఆ తరవాత ‘డ్రెడ్జర్’ ఊరి మీద పడింది. నెల తిరక్కుండా బస్సు డ్రైవర్లు సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద ఏడేసి దెబ్బలు వేయసాగారు. బీచ్‌లో యోగా నేర్పేవాళ్లు పన్నెండో నిమిషాన్ని కత్తిరించి శవాసనానికి పెట్టుకున్నారు. గోపాలపట్నంలో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనత్తలు పదమూడు దెబ్బల తాళానికి డాన్సు కట్టారు. ఒక్కరి అడుగూ తప్పలేదు.

"మా అమ్మ కుక్కర్ విజిల్స్ కూడా ఏడులో లెక్కెడతంది గురూ!" అని జోసెఫిన్ మురిసిపోయింది.

సన్యాసిరావు నవ్వలేదు. లిఫ్టులో ఎవడో సూటువాడు ఈల వేస్తూ సరిగ్గా ఆ గొంతు వరసే ఎత్తుకుంటే అతనికి కడుపు మండిపోయింది. వీడికేం తెలుసు డ్రెడ్జర్ గురించి? వీడు ఎన్నడైనా హార్బర్ మొహం చూశాడా? నిన్నటిదాకా వినలేదని జనం మీద కోపం, ఇవాళ విన్నారని కోపం. తేడా ఏమిటో అతను ఆలోచించలేదు. కోపంగా ఉన్న మనిషికి అంత తీరిక ఉండదు.

ఏడాది నిండగానే మాపన కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. జోసెఫిన్ కూడా వెళ్లింది. సన్యాసిరావు చెవిపూస పెట్టుకుని పాట విన్నాడు. చివర్లో యంత్రం తన ఆడగొంతుతో తాపీగా చెప్పింది.

"కర్తృసూచి పద్నాలుగు. ఈ పాట ఈ వ్యక్తిది కాదు."

సన్యాసిరావు కుర్చీలోంచి లేచిపోయాడు. "ఏటీ? ఎవడిది మరి? నీ బాబుదా?"

"నిబంధన ప్రకారం పాట మీద మీ బృందం పేరు తీసేయాలండీ," అంది హైమవతి, ఇబ్బంది పడుతూ.

"పేరు తీసీడమేటి మేడమ్!" అని జోసెఫిన్ అరిచింది. "ఆరేళ్లు నా చేతులు బొబ్బలెక్కిపోనాయి. మీ మిషన్ చెడిపోయింది!"

"చెడిపోలేదమ్మా." హైమవతి తెర మీద ఒక గీత చూపించింది. ఏడాది పొడుగునా ఆ పాట విన్నప్పుడల్లా సన్యాసిరావు చెవిపూస పంపిన అంకెలవి. దాని పక్కనే పాట వినే జనం సంఖ్య. అది పైకెక్కిన కొద్దీ ఇది కిందికి జారుతూ వచ్చింది.

"అబద్ధం," అన్నాడు సన్యాసిరావు. "నలుగురి నోళ్లలోనూ నలిగిపోయిన పాటని నేనెలాగ ఇనగలను? ముందు దాన్ని ఆపించండి మేడమ్. బస్సుల్లోంచి, పెళ్లిళ్లలోంచి, అందరి చెవుల్లోంచీ తీసీండి. నాకొక్కడికే ఉంచండి. అప్పుడు కొలవండి, ఎందుకు రాదో చూస్తాను!"

"కర్త వివాదం తేలేదాకా పాటను నిలిపేయమని అడిగే హక్కు మీకుంది. కానీ ఈ క్షణాన మూడు లక్షలమంది వింటున్నారండీ."

"మూడు లక్షలమందికీ ఆగిపోవాలి."

"గురూ, వొద్దు," అంది జోసెఫిన్.

హైమవతి పలక ముందుకు జరిపింది. సన్యాసిరావు దాని మీద బొటనవేలు నొక్కాడు. ఊరంతటా బస్సుల్లో, వంటిళ్లలో, పెళ్లి మండపాల్లో పాట తెగిపోయింది. తెర మీద వినేవారి సంఖ్య సున్నా అయింది. దాని పక్కన, అతను ఇంకా తీయని చెవిపూస పంపే అంకె కదలడం మొదలుపెట్టింది. పద్నాలుగు, నలభై, డెబ్బై రెండు. తొంభై ఎనిమిది దగ్గర నిలబడింది.

"చూసినారా!" అని సన్యాసిరావు బల్ల చరిచాడు. అతని ముఖం వెలిగిపోతోంది. "నా పాటే అది! నాడి అబద్ధమాడదు కదా, ఇప్పుడేటంటారు?"

జోసెఫిన్ అతని ముఖంలోకి చూడలేక తల తిప్పుకుంది.

"పాట ఇంకా పెట్టలేదండీ," అంది హైమవతి.