పుట్టనివాళ్ల చాప

లసుమవ్వను పొట్టన పెట్టుకున్నది ఇంకా పుట్టని పిల్లలు. ఆమె మొగడు వెంకటేశానికి ఇందులో అనుమానం లేదు.

సిరిసిల్లలో ఆ వాడ ఆడవాళ్లంతా కలిసి ఒక నిధి పెట్టుకున్నారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచినన్నాళ్లూ మగవాళ్ల కూలిలోంచి కొంత తీసి అందులో వేశారు. బతికున్నవాళ్లెవరూ దాన్ని ముట్టకూడదు. రేపు పుట్టేవాళ్లు సేటు సాంచా మీద కాక సొంత సాంచా మీద బట్ట నేయాలి. అందుకే ఆ నిధి. దానికి పెద్ద లసుమవ్వ. అందరూ కలిసి కూర్చున్నప్పుడల్లా ఆమె తన ఎదుట ఒక చాప పరిచి ఖాళీగా ఉంచేది. ఏ మాటైనా తేల్చేముందు ఆ చాప వైపు తిరిగి, "మీరేమంటరు బిడ్డా?" అని అడిగి కాసేపు ఆగేది. కొత్త కోడళ్లు మొదట్లో నవ్వేవారు... తర్వాత మానుకున్నారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు. కరెంటు లేక సాంచాలు ఆగిపోయాయి. అప్పుడే లసుమవ్వ మంచం పట్టింది. ఊపిరి అందడం లేదు. కరీంనగర్ దవాఖానకు జీపు మాట్లాడాలన్నా చేతిలో ఏమీ లేదు. నిధిలోంచి తీయమని వెంకటేశం బతిమాలాడు, తిట్టాడు, ఆఖరికి ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"బతికున్నోళ్లు నోరు తెరిచి అడుగుతరు," అంది లసుమవ్వ, మాట మాటకూ ఆగుతూ. "పుట్టనోళ్లు ఎవల్నడుగుతరు? వాళ్లకు నేనే నోరు..."

తెల్లారకముందే పోయింది.

దినాలు కాగానే వాడంతా ఒక్కటైంది. ఇళ్లల్లో పొయ్యి వెలగడం లేదు, నిధి పంచుకుందామన్నారు. లసుమవ్వ మొగడు సరేనంటే చాలన్నారు. తల్లి స్థానంలో కూర్చున్న కూతురు మాధవి ఒక్కతే వద్దని ఏడ్చింది. అవ్వ పానం పెట్టి కాపాడిందని బతిమాలింది.

"మీ అవ్వను తెచ్చియ్యి. అప్పుడు కాపాడుత," అన్నాడు వెంకటేశం.

ఆగిన సాంచాల నడుమ అందరూ కూర్చున్నారు. పిల్లలంతా సమ్మెవాళ్లు రోడ్డు మీద పెట్టిన వంటావార్పుకు పోయారు. మాధవి ఎప్పటిలాగే చాప పరిచింది. వెంకటేశం కావాలనే వెళ్లి దాని నడుమ కూర్చున్నాడు.

"ఏంది బావా, నువ్వింక పుట్టలేదా?" అంది వరసకు మరదలైన నర్సక్క. కొందరు నవ్వారు.

మాధవి తల్లి అడిగే మాటే అడిగింది. "మీరేమంటరు బిడ్డా?"

పంచుండ్రి అనడానికి వెంకటేశం నోరు తెరిచాడు. వెనుక నుంచి, చెవి పక్కనే, ఏ భయమూ లేని చిన్న గొంతు వినబడింది.

"తాతా, కొద్దిగ జరుగు."

తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అతన్ని తాతా అని పిలిచేవాళ్లు అతని ఇంట్లో ఇంకా పుట్టలేదు. అయినా జరిగాడు. అది చాలలేదు. ఇంకొంచెం జరిగాడు... ఇంకొంచెం. అతను ఖాళీ చేసిన చోటల్లా చాప మెల్లగా నొక్కుకుపోతోంది. చివరికి వట్టి నేల మీదికి వచ్చేశాడు. అప్పటికి నవ్వేవాళ్లు ఎవరూ లేరు.

"ముట్టకుండ్రి," అన్నాడు వెంకటేశం. లేచి బయటికి నడిచాడు. వెనుక వాడంతా ఆకలితోనే లేచింది.

మాధవి పరుగున వచ్చి అతన్ని కలుసుకుంది. పక్కనే నడుస్తూ అడిగింది.

"చాప మీద ఎంతమందున్నరు బాపూ?"

"చెప్ప," అన్నాడు వెంకటేశం. "ఇయ్యాల చెప్ప, ఎన్నడు చెప్ప. ఈ ముచ్చట మల్ల నా ముందట ఎత్తకు."